అటు తిరిగిన మనిషి

రాజమండ్రిలో గోదావరి గట్టుకు రెండు వీధుల ఇవతల ఒక చిత్రశాల ఉంది. అక్కడ పిల్లలకు బొమ్మలు చూపించడం ప్రసన్నకుమారి ఉద్యోగం. చూపించడమంటే వేలెత్తి, ఇది ఫలానా ఏడాదిలో గీసింది, ఇది నూనె రంగు అని చెప్పి పంపేయడం కాదు. బొమ్మలో ఉన్న మనుషులకు కథ కట్టి, పిల్లల్నే ఆ మనుషులుగా నిలబెట్టి ఆడించడం. పదహారేళ్ళు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, ఏటా చర్చిలో పిల్లల చేత క్రిస్మస్ నాటకాలు వేయించిన మనిషి కాబట్టి ఆమెకు ఆ పని నీళ్ళు తాగినంత తేలిక. పెంకి పిల్లలు కూడా ఆమె గొంతు తగ్గించగానే నోళ్ళు తెరుచుకుని చుట్టూ చేరేవారు.

ఆ శ్రావణమాసంలో ఒక గురువారం నిడదవోలు దగ్గరి పల్లె నుంచి నాలుగో తరగతి పిల్లలు వచ్చారు. ముప్ఫై మంది. వాళ్ళను తీసుకొచ్చిన శివరామకృష్ణ మాస్టారు అప్పటికే అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఉన్నారు. పిల్లలు దారి పొడవునా ఎర్రగా పొంగిన గోదారిని చూసుకుంటూ వచ్చారు, ఇక గోడకు తగిలించిన బొమ్మలు వాళ్ళ కళ్ళకు ఆనడం లేదు. మొదటి గదిలో తోసుకున్నారు. రెండో గదిలో ఒకడు కింద పడి ఏడ్చాడు. మూడో గదిలోకి రాగానే ప్రసన్న ఒక పెద్ద పటం ముందు ఆగి, నోటి మీద వేలు పెట్టుకుంది.

ఆ పటంలో ఒక ఆడమనిషి గుమ్మంలో నిలబడి ఉంటుంది. మనకు కనబడేది ఆమె వీపు, జడ, గుమ్మాన్ని పట్టుకున్న ఎడమచెయ్యి. గుమ్మం అవతల అంతా చీకటి. ఎవరు గీశారో కింద సంతకం లేదు.

"ఈవిడ మొహం ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు," అంది ప్రసన్న, గుసగుసగా. "ఎంతమంది పిలిచినా తిరగదు. ఎందుకంటే ఎవరూ ఆవిడ అసలు పేరు పెట్టి పిలవలేదు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం..."

అక్కడ ఆపేసింది. పిల్లలు బిగుసుకుపోయారు. ఆమెకు కావలసింది అదే.

"ఇప్పుడు ఆడదాం. ఒకళ్ళు ఆవిడలాగా అటు తిరిగి నిలబడాలి. మనసులో ఒక పేరు అనుకోవాలి. మిగతావాళ్ళు ఒక్కో పేరూ పెట్టి పిలవండి. తను అనుకున్న పేరు పిలిస్తేనే తిరగాలి. ఎవరొస్తారు?"

చేతులు చాలా లేచాయి. చెయ్యెత్తకుండా వెనకాల నిలబడ్డ ఒక సన్నటి పిల్లను ప్రసన్న రమ్మంది. అలాంటి పిల్లల్ని ముందుకు తేవడం ఆమెకు అలవాటు. ఆ పిల్ల పేరు హారతి. మాట్లాడకుండా వచ్చి, పటంలో మనిషి ఎలా ఉందో అలాగే గది గుమ్మం మీద ఎడమచెయ్యి వేసి, అటు తిరిగి నిలబడింది. ఎంత సరిగ్గా నిలబడిందంటే ప్రసన్న ముచ్చటపడింది.

"లక్ష్మీ!" అన్నారు పిల్లలు. "సరస్వతీ!" "మంగతాయారూ!" హారతి కదల్లేదు. సినిమా వాళ్ళ పేర్లు పిలిచి నవ్వుకున్నారు. అయినా కదల్లేదు. చివరకు వెనక నుంచి ఒక పిల్లాడు, వాళ్ళ మేనత్త పేరట, "నాగదుర్గా!" అని అరిచాడు.

హారతి తిరిగింది.

ఒక కన్ను అరచేత్తో మూసుకుని ఉంది. మూతి ఒక పక్కకు లాగి, పెదవి కిందికి వేలాడదీసింది. ముందు పిల్లలు నవ్వారు, వేషం వేస్తోందనుకుని. ఆ తెరిచి ఉన్న రెండో కన్ను ఎవరినీ చూడటం లేదని గమనించాక నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగిపోయింది. అప్పుడు ఆ పిల్ల తనది కాని గొంతుతో, పెద్ద ఆడదాని గొంతుతో అంది: "ఫోన్ పెట్టెయ్. ఎవరికీ చెప్పొద్దు."

ఆ వెంటనే అక్కడే కూలబడింది. గౌను కింద నేల తడిసింది.

మాస్టారు పరుగున వచ్చి ఎత్తుకున్నారు. నీళ్ళు చల్లారు. పిల్లల్ని బస్సు ఎక్కించేటప్పుడు మాస్టారు ఆమెను పక్కకు పిలిచి చెప్పారు. "నాగదుర్గ అంటే ఆ పిల్ల తల్లి పేరండి. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి ఏడాదిన్నరయింది. ఆవిడ మీద బెంగేమోనండి. మీరేం అనుకోకండి."

ప్రసన్న ఎలా అనుకోకుండా ఉంటుంది? ఆ మర్నాడు మూడో గదిలోకి వెళ్ళాల్సి వచ్చింది. పట్టపగలు, వాచ్‌మన్ గుమ్మంలోనే ఉన్నాడు, కిటికీలు తెరిచి ఉన్నాయి. అయినా పటం ఉన్న వైపు కాలు పడలేదు. తను చెప్పిన కథే, అబద్ధమని తనకు తెలిసిన కథే, వెన్ను మీద చల్లగా పాకింది.

శనివారం ఫోను వచ్చింది. హారతి తండ్రి హరిబాబు. రైసు మిల్లులో పనిచేస్తాడు. మెత్తటి గొంతు.

"అమ్మా, మాస్టారు నంబరిచ్చారండి. మా పాప గోడవైపు తిరిగి కూర్చుందండి. గురువారం నుంచీ అంతేనండి. ఎవరు పిలిచినా ఇటు తిరగట్లేదు. అన్నం కూడా అటు తిరిగే తింటందండి. మీరు ఏ కథ చెప్పారో... అది కాస్త వెనక్కి తీసుకుంటారేమోనని అడుగుతున్నానండి."

వెనుక నుంచి ఒక ముసలామె కేకలు వినబడుతున్నాయి. "ఆ బొమ్మలో దాన్నే పిల్ల మీదకి తోలిందిరా ఆవిడ! అడుగు, ఏం చేసిందో అడుగు!"

చిత్రశాల పెద్ద జగన్నాథరావు గారికి చెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీరు వెళ్ళకండి ప్రసన్న గారూ. వెళ్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టవుతుంది. పేపర్లో పడిందంటే ఈ పిల్లల కార్యక్రమమే ఎత్తేస్తారు." ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే. ప్రసన్న కూడా భయపడింది. అయితే ఆమెను పట్టుకున్న భయం పేపరుది కాదు. ఆటకు పిలిచిన పిల్లను ఏ నూతిలోకో దించేసి తాడు వదిలేసినట్టుంది ఆమెకు.

ఆదివారం ఆరాధన అయ్యీ అవగానే స్టేషనుకు వెళ్ళి నిడదవోలు వెళ్ళే పాసింజరు ఎక్కింది. వంతెన మీద బండి నెమ్మదించినప్పుడు కింద వరదనీళ్ళలో చెట్ల మొదళ్ళు తిరుగుతూ పోతున్నాయి. ఆ పిల్ల నన్ను చూసి ఇంకా బెదిరిపోతే ఏం చెయ్యాలి? ఇదే ప్రశ్న కొవ్వూరు దాటేదాకా ఆమెను వదల్లేదు.

స్టేషన్ బయట హరిబాబు మోటారు సైకిలుతో నిలబడి ఉన్నాడు. "ఆయ్, నేనేనండి," అన్నాడు.

రెండు గదుల డాబా ఇల్లు. గుమ్మానికి కొత్తగా కట్టిన నిమ్మకాయలు, ఎండు మిరపకాయలు. నాయనమ్మ పెద్దింట్లమ్మ వాకిట్లోనే అడ్డం నిలబడింది. "ఇంకా ఏం మిగిలిందని వచ్చావమ్మా? దొడ్డిపట్ల నుంచి దెయ్యాలు వదిలించే మనిషిని పిలిపించి విభూతి పెట్టించాం. అయినా తిరగలేదు."

"ఒక్కసారి చూడనివ్వండి పెద్దమ్మగారూ," అంది ప్రసన్న. "తప్పు నాదైతే నన్ను తిట్టండి. ముందు పాపని చూడనివ్వండి."

హారతి వెనక గదిలో, మంచానికీ గోడకూ మధ్య ఇరుకులో, గోడ వైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. నుదురు గోడకు ఆనించి ఉండటంతో సున్నం రాలి జుట్టుకు అంటింది. ప్రసన్న పేరు పెట్టి పిలవలేదు. పిలవడానికే భయం వేసింది. మెల్లగా వెళ్ళి, పిల్ల వీపుకు తన వీపు ఆనించి, తను ఇటు తిరిగి నేల మీద కూర్చుంది. పిల్ల వీపు గబుక్కున బిగుసుకుంది. ఆ బక్క ఒంట్లో గుండె కొట్టుకోవడం ప్రసన్న వెన్నుకు తెలుస్తోంది.

"నువ్వు ఇటు తిరగక్కర్లేదమ్మా. నేనూ తిరగను," అంది. "ఒక మాట చెప్పడానికొచ్చాను. బొమ్మలో ఆవిడ గురించి నేను చెప్పింది అంతా కల్పించి చెప్పాను. ఆవిడ ఎందుకు తిరగదో నాకు నిజంగా తెలీదు."

పక్కింట్లో టీవీ మోగుతోంది. గుమ్మం దగ్గర హరిబాబు, అతని వెనక పెద్దింట్లమ్మ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారు.

"నాకు తెలుసు," అంది గోడ వైపు నుంచి చిన్న గొంతు.

"చెబుతావా?"

"తిరిగితే దెబ్బలు కనపడిపోతాయి."

బొమ్మ గురించి కాదు ఈ పిల్ల మాట్లాడుతున్నది. ఆ సంగతి ఇప్పుడు ప్రసన్నకు అర్థమైంది. అలాగని "మీ అమ్మా?" అని అడిగితే నోరు మూసేసుకుంటుందనీ తెలుసు.

"ఆవిడ ఏ ఇంట్లో ఉంది?"

"మేడ మీద. వంటగది పక్కన గదిలో. దానికి కిటికీ ఉండదు. ఫోను బియ్యం బస్తాలో దాచుకుంటది."

"నువ్వు ఆవిడని ఎప్పుడు చూశావు?"

"ఆదివారం. నాన్న మిల్లుకెళ్ళాడు, నాయనమ్మ పొలమెళ్ళింది. ఫోన్ నా దగ్గరుంది. వీడియోలో అమ్మ గిన్నెలు తోముతా అటు తిరిగే మాట్లాడింది. మొహం చూపించమని నేనే అడిగాను. వద్దంది. నేను ఏడ్చాను. అప్పుడు తిరిగింది." "కన్ను లేదు. ఉబ్బిపోయింది. మూతి ఇలా అయిపోయింది. ఇంతలో ఎవరో వచ్చారు. ఫోన్ పెట్టెయ్, ఎవరికీ చెప్పొద్దు, చెబితే నన్ను చంపేస్తారు అంది. నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పేశాను."

ఆ చివరి మాట అన్నాక ఆ పిల్ల ఒళ్ళంతా వణకడం మొదలుపెట్టింది. ప్రసన్న అప్పుడు వెనక్కి తిరిగి రెండు చేతులతో చుట్టేసి, ఒళ్ళోకి లాక్కుంది. హారతి పెనుగులాడలేదు. మొహం ఆమె చీర కుచ్చెళ్ళలో దాచుకుని వెక్కుతూ ఉండిపోయింది.

"ఏ ఆదివారం?" అన్నాడు హరిబాబు. అతని మొహం పాలిపోయి ఉంది. "ఏ ఆదివారమే తల్లీ?"

లెక్క చూస్తే ఐదు వారాలయింది.

"కానీ ఆవిడ బాగానే ఉందండి!" అన్నాడు ప్రసన్న వైపు తిరిగి, దెబ్బలాడుతున్నట్టుగా. "మొన్న కూడా మెసేజ్ పెట్టిందండి. చూడండి." ఫోను తీసి చూపించాడు. వరసగా ఇంగ్లీషు మాటలు. ఐ యామ్ ఫైన్. మచ్ వర్క్. నో కాల్. కొన్నాళ్ళ తేడాతో మళ్ళీ అవే మాటలు.

ప్రసన్న ఆ వరసను పైకి జరిపింది. ఐదు వారాల కిందటి వరకూ ఒక్క అక్షరం లేదు, అన్నీ నాగదుర్గ మాట్లాడి పంపిన వాయిస్ మెసేజ్‌లే.

"మీ ఆవిడ ఎంతవరకు చదువుకున్నారండి?"

"ఐదు." అన్నాక అతనికే తట్టింది. ఫోను వంక, ప్రసన్న వంక మార్చి మార్చి చూశాడు. "ఆవిడకి టైపు చెయ్యడం రాదండి. అక్కడికెళ్ళి ఇంగ్లీషు నేర్చుకుందేమో అనుకున్నానండి. మిల్లులో అందరికీ చూపించుకున్నానండి కూడా." గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. "మరి ఇన్నాళ్ళూ నేను మాట్లాడింది ఎవరితోనండి?"

పెద్దింట్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ గదిలో ఉన్న నలుగురికీ ఆ చిన్న ఫోను, పడగ విప్పని పామేదో మధ్యలో పడుకున్నట్టు అనిపించింది. దానికేసి చూడటం తప్ప ఎవరూ ముట్టుకోలేదు.

హరిబాబు అప్పటికప్పుడు ఆ నంబరుకు ఫోన్ చేయబోయాడు. ప్రసన్న చెయ్యి పట్టుకుని ఆపింది. "మనకు తెలిసిందని వాళ్ళకి తెలిస్తే ఆవిడని ఏం చేస్తారో. ఎప్పటిలాగే ఉండండి. ఎప్పుడూ ఏమని జవాబిస్తారు?"

"ఓకే అని పెడతానండి."

"ఓకే అనే పెట్టండి."

ఆ రెండక్షరాలు కొట్టడానికి అతనికి చాలాసేపు పట్టింది.

ప్రసన్నకు చిన్నాన్న కూతురు ప్రిస్కిల్లా కువైట్‌లోనే నర్సు. హరిబాబు దగ్గర నాగదుర్గ పాస్‌పోర్టు కాపీ, ఆమె వెళ్ళిన కొత్తలో పంపిన ఇంటి గేటు ఫోటో ఉన్నాయి. అవన్నీ ప్రిస్కిల్లాకు పంపింది. మర్నాడు సోమవారం. హరిబాబును వెంటపెట్టుకుని కలెక్టరాఫీసులో అర్జీ ఇప్పించింది. మంగళవారం ప్రిస్కిల్లా డ్యూటీ మానుకుని మన దేశపు రాయబార కార్యాలయానికి వెళ్ళి కాగితాలు ఇచ్చింది. "తీసుకున్నారక్కా. పోలీసుల ద్వారా వెళ్ళాలట. టైము పడుతుందట," అంది.

ఆ టైము గడపడం ఎలాగో ఎవరికీ తెలియలేదు. హారతి గోడ వదిలింది, బడికి వెళ్తోంది. కానీ రోజుకు పదిసార్లు నాన్నను అడుగుతోంది: "నేను చెప్పానని వాళ్ళకి తెలిసిపోయిందా?" అతను లేదంటాడు. ప్రసన్నకు ఫోన్ చేసి అదే ప్రశ్న ఆమెను అడుగుతాడు. ఆమె కూడా లేదంటుంది. చిత్రశాలలో ఇంకో బడి పిల్లలు వస్తే నెమళ్ళ బొమ్మలు, పడవల బొమ్మలు చూపించి పంపేసింది. ఎవరినీ నిలబెట్టి ఆడించలేదు. జగన్నాథరావు గారు గమనించి కూడా ఏమీ అడగలేదు.

అర్జీ ఇచ్చిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్న ప్రసన్నకు హరిబాబు ఒక ఫోటో పంపాడు. అతని ఫోనుకు వచ్చిన మెసేజ్. నాగదుర్గ నంబరు నుంచే.

హూ యు టోల్డ్?

ప్రసన్న ఆ మాటలు చదివి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, కంచం పక్కకు తోసేసింది. ఆ మాటల్లో ఆమెకు ఒక మొహం లేని మనిషి కనిపించాడు. మేడ మీద, కిటికీ లేని గది ముందు తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల అన్నమాటే నిజమవుతోందా? తను వీపుకు వీపు ఆనించి కూర్చుని చెప్పించింది. చెప్పించి ఆ తల్లిని...

హరిబాబు ఫోను చేశాడు. "ఏమని పెట్టమంటారండి? ఏమని పెట్టనండి?"

"ఏం పెట్టకండి," అందామె. అది సరైన జవాబో కాదో ఆమెకు తెలియదు. వెంటనే ప్రిస్కిల్లాకు చేసింది. "ఇవాళే రాయబార కార్యాలయం వాళ్ళకి చెప్పు. ఆ ఇంటివాళ్ళకి తెలిసిపోయిందని చెప్పు. ఇప్పుడే వెళ్ళు ప్రిస్కీ, నీకు దణ్ణం పెడతాను."

తరవాత మూడు రోజులు ఏమీ లేదు. మెసేజ్ లేదు, నంబరుకు చేస్తే మోగలేదు. హారతి అడగడం మానేసింది. మాస్టారు ఫోన్ చేసి, పిల్ల క్లాసులో తల వాల్చి కూర్చుంటోందని, ఎవరైనా పేరు పిలిస్తే ఉలిక్కిపడుతోందని చెప్పారు. ఆ మూడు రోజులూ ప్రసన్న మోకాళ్ళ మీద కూర్చుంటే ప్రార్థన మాటలు మధ్యలోనే తెగిపోయాయి.

నాలుగో రోజు పొద్దున తెలియని నంబరు నుంచి హరిబాబుకు వీడియో కాల్ వచ్చింది. ముందు ప్రిస్కిల్లా కనబడింది. ఆమె పక్కకు తప్పుకుంటే, పోలీసులు విడిపించి తెచ్చాక రాయబార కార్యాలయం ఆశ్రయమిచ్చిన చోట, మంచం మీద, తలకు కట్టుతో నాగదుర్గ. హరిబాబు తర్వాత చెప్పాడు, తను గుర్తుపట్టలేదట. గుర్తుపట్టింది హారతే. "అమ్మా," అని ఒక్క మాట అని ఫోను గట్టిగా పట్టుకుందట, ఎవరూ లాక్కోకుండా.

అర్జీ కబురు పోలీసుల కంటే ముందే ఆ ఇంటికి చేరిందని ఆ తర్వాత తెలిసింది. ఆ మూడు రోజులూ నాగదుర్గను నీళ్ళు కూడా ఇవ్వకుండా గదిలో పెట్టి తాళం వేశారు. రెండు పక్కటెముకలు విరిగింది అప్పుడే. ఈ సంగతి ప్రసన్నకు ప్రిస్కిల్లా ఫోనులో చెప్పింది. పిల్ల భయం ఉత్తదేమీ కాదు. చెప్పినందుకు దెబ్బ పడింది, పడింది ఆ తల్లికే.

నెల తర్వాత నాగదుర్గ మధురపూడి విమానాశ్రయంలో దిగింది. ఇంకో వారం ఆగి, ఒక ఆదివారం మధ్యాహ్నం హరిబాబు ఇంటికి ప్రసన్న మళ్ళీ వెళ్ళింది. ఈసారి పెద్దింట్లమ్మ కుర్చీ వేసి, కొంగుతో దుమ్ము తుడిచింది. నాగదుర్గ సన్నగా, ఎముకలు తేలి ఉంది. ఎడమకన్ను ఇంకా సగమే తెరుచుకుంటోంది. కువైట్ గురించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. హారతి, తల్లి మోకాలికి ఆనుకుని కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

ప్రసన్నే ఉండబట్టలేక అంది. "మేము అర్జీ ఇచ్చినందుకే ఆఖర్న మీకంత దెబ్బ తగిలిందటండి. నాకది మింగుడు పడట్లేదండి."

నాగదుర్గ కాసేపు కూతురి తల నిమిరింది. "నిజమేనండి. ఆ మూడు రోజులూ దీన్ని తిట్టుకున్నానండి. నోరు మూసుకోమన్నాను కదా, ఎందుకు చెప్పిందా అని." గొంతు తగ్గించింది. "చెప్పకపోతే ఇంకో నెల ఉండేదాన్నో లేదో నాకే తెలీదండి. రెండూ నిజమేనండి. ఏది ముందు తలుచుకోవాలో తెలియట్లేదు."

హారతి పెన్సిలు ఆగింది. తల ఎత్తలేదు. మళ్ళీ రాసుకోసాగింది.

అప్పుడే పెరటి వైపు నుంచి వానగాలి ఒక్క విసురు విసిరింది. వెనక తలుపు ధడాలున మూసుకుంది. నాగదుర్గ కెవ్వున అరిచి, రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుని, కుర్చీకీ గోడకూ మధ్య ముడుచుకుపోయింది. ప్రసన్న లేచి నిలబడింది కానీ ఏం చెయ్యాలో తోచలేదు. హరిబాబు "ఏం లేదు, ఏం లేదు, గాలే," అంటూ ఆమె దగ్గరకు వెళ్ళి, ముట్టుకోకుండా పక్కన కూర్చున్నాడు.

హారతి పుస్తకం పక్కన పెట్టి లేచింది. వెళ్ళి తలుపు బార్లా తెరిచింది. పెరట్లో ఉన్న రుబ్బురోలు పొత్రాన్ని రెండు చేతులతో దొర్లించుకుంటూ తెచ్చి తలుపుకు అడ్డం పెట్టింది. అది కదలకుండా ఉందో లేదో కాలితో తోసి చూసింది. ముందు తలుపుకు అప్పటికే ఒక రాయి అడ్డం పెట్టి ఉంది.

"తెరిచే ఉందమ్మా," అంది లోపలికి చూసి. "రెండూ తెరిచే ఉన్నాయి."

వాన గదిలోకి కొడుతోంది. తలుపులు వెయ్యమని ఎవరూ అనలేదు.